గడువు ఎందుకు కదిలింది: థర్మల్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌పై పార్లమెంటు ప్రశ్న – కేస్ స్టడీ

బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌కు మన దేశంలో మొదటిసారి పరిమితి విధించింది 2015 డిసెంబర్ 7న. అప్పటికే నడుస్తున్న కేంద్రాలన్నీ రెండేళ్లలో ఆ పరిమితిలోకి రావాలని పర్యావరణ శాఖ నోటిఫికేషన్‌లో ఉంది. 2017 డిసెంబర్ వచ్చింది, గడువు 2022కు జరిగింది. 2021లో కేంద్రాలను ఎ (ఢిల్లీ రాజధాని ప్రాంతానికి, పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి), బి (తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి), సి (మిగతావి) వర్గాలుగా విడగొట్టి గడువులను 2022, 2023, 2024 డిసెంబర్ చివరి రోజులుగా మార్చారు. 2022 సెప్టెంబర్‌లో మరో రెండేళ్లు, 2024 డిసెంబర్‌లో ఇంకో మూడేళ్లు కలిపారు. చివరికి 2025 జూలైలో సి వర్గానికి ఈ పరిమితే వర్తించదన్నారు, బి వర్గంలో ఒక్కో కేంద్రాన్ని విడిగా పరిశీలించి తేలుస్తామన్నారు. ఖచ్చితమైన గడువు మిగిలింది ఎ వర్గానికే: 2027 డిసెంబర్ 31.

ఈ పరిమితి కోసం విద్యుత్ శాఖ గుర్తించిన యూనిట్లు 537. పొగలోంచి సల్ఫర్‌ను కడిగే ఎఫ్‌జీడీ పరికరం బిగించినవి 2025 మధ్య నాటికి వాటిలో పదో వంతుకు చేరలేదు. ఇన్నేళ్లలో ఉభయ సభల్లో దీని మీద ప్రశ్నలకు కొదవ లేదు, ప్రతి సమావేశంలోనూ ఏదో ఒకటి కనిపిస్తుంది. అయినా ఏ యూనిట్ ఎంత వదులుతోంది, గడువు జరిపిన ప్రతిసారీ ఏ కాగితం ఆధారంగా జరిపారు అన్నవి ఒక్కచోట సభా రికార్డులోకి రాబట్టడం కష్టంగానే ఉంది. ప్రశ్నలు తక్కువై కాదు. చాలా ప్రశ్నల్లో కొలత లేదు, తేదీ లేదు, అడగాల్సిన శాఖ సరిగా లేదు, సమాధానం వచ్చాక దాన్ని పట్టుకుని వెంటపడింది లేదు. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ప్రశ్నలు రాసిపెట్టే సహాయకులకు, పరిశోధకులకు పనికొచ్చేలా ఈ ఒక్క విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలో ఇక్కడ వివరంగా ఉంది.

ఎవరిని అడగాలి

ఈ వ్యవహారంలో నాలుగు చేతులున్నాయి. పరిమితి రాసేది, మార్చేది పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ. గడువు పెంచమని కోరుతూ వచ్చింది విద్యుత్ శాఖ. ఎఫ్‌జీడీ పనుల పురోగతి నమోదు చేసే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కూడా ఆ శాఖ కిందిదే. అమలు చూసేవి కేంద్ర, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు. ఖర్చును కరెంటు చార్జీలో కలపడానికి ఒప్పుకునేవి విద్యుత్ నియంత్రణ కమిషన్లు.

ఒకే ప్రశ్నలో ఈ నలుగురినీ కలిపి అడిగితే ఎవరూ పూర్తిగా చెప్పరు. పర్యావరణ శాఖకు వెళ్లిన ప్రశ్నలో పరికరాల ఖర్చు గురించి ఉంటే ఆ భాగానికి ఒక్క వాక్యమే వస్తుంది. విద్యుత్ శాఖకు వెళ్లిన ప్రశ్నలో జరిమానా గురించి అడిగితే ‘అది పర్యావరణ శాఖ పరిధి’ అంటారు. ప్రశ్న పూర్తిగా వేరే శాఖదని తేలితే అక్కడికి బదిలీ అవుతుంది. ఒక్కో శాఖల గుంపుకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి బదిలీతో పాటు తేదీ కూడా మారిపోతుంది. సభ్యుడు సిద్ధమైన రోజు ఒకటి, ప్రశ్న వచ్చే రోజు మరొకటి అవుతుంది.

అందుకే దీన్ని ముందే రెండుగా కోయాలి. ఉద్గారాలు, వర్గాల విభజన, గడువు దాటిన కేంద్రాలు కట్టాల్సిన పరిహారం, మినహాయింపుకు ఆధారాలు పర్యావరణ శాఖకు. బిగింపు, ఖర్చు, టారిఫ్, గడువు పెంచమని రాసిన లేఖల తేదీలు విద్యుత్ శాఖకు. రెండు సమాధానాల్లోనూ ఉమ్మడిగా ఒక అంకె ఉండేలా చూడాలి. యూనిట్ల సంఖ్య ఇందుకు బాగా పనికొస్తుంది. రెండు శాఖలు రెండు అంకెలిస్తే తర్వాతి ప్రశ్న అక్కడే దొరికినట్టు.

విద్యుత్ శాఖ సమాధానాల్లో తరచూ కనిపించే మొదటి వాక్యం ఒకటుంది: విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం, పంపిణీ రాష్ట్రాల బాధ్యత. అది రాజ్యాంగపరంగా నిజమే. ఆ వాక్యానికి చోటివ్వకుండా ఉండాలంటే కేంద్ర నోటిఫికేషన్‌ను తేదీతో ఉదహరించి, దాని కింద కేంద్రం చేసిన పనినే అడగాలి. ‘రాష్ట్రంలో కాలుష్యం అరికట్టడానికి ఏం చేశారు’ అంటే బాధ్యత రాష్ట్రానికి పోతుంది. ‘ఫలానా తేదీ నోటిఫికేషన్ కింద కేంద్ర మండలి జారీ చేసిన ఆదేశాలు ఎన్ని’ అంటే పోదు.

ముసాయిదా ఎక్కడ చెడుతుంది

మొదటి ముసాయిదా సాధారణంగా ఇలా ఉంటుంది: ‘థర్మల్ కేంద్రాల పొగతో లక్షలాది మంది ఊపిరితిత్తుల జబ్బుల పాలవుతున్నది నిజమేనా; నిజమైతే యాజమాన్యాలకు మేలు చేయడానికి గడువు ఎందుకు పెంచారు; ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?’

ఆవేదన న్యాయమైనదే. కానీ లోక్‌సభ నియమావళిలో 41వ నియమం దీన్ని వడకట్టేస్తుంది. వాదన, ఊహ, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు, ఊహాజనితమైన పరిస్థితి గురించి అడగకూడదు. ఇప్పటికే సమాధానమిచ్చిన విషయాన్ని తిరిగి అడగకూడదు. అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడగకూడదు. కేంద్రానికి ప్రధానంగా సంబంధం లేని విషయం ఉండకూడదు. కోర్టు విచారణలో ఉన్న అంశమూ కుదరదు. మొత్తం ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు.

నియమాలు దాటి జాబితాలోకి చేరినా చేటు చేసే అలవాటు మరొకటుంది. ‘నిజమేనా, అయితే వివరాలేమిటి, కాకపోతే కారణాలేమిటి’ అన్న మూస అది. ఈ మూసలో రాసిన ప్రశ్నకు శాఖ ‘(అ) నుంచి (ఉ) వరకు’ అని ఒకే శీర్షిక పెట్టి, అన్ని భాగాలకూ కలిపి ఒక వ్యాసం రాస్తుంది. పథకం ఎప్పుడు మొదలైంది, లక్ష్యాలేమిటి, ఎన్ని సమావేశాలు జరిగాయి వంటివన్నీ అందులో ఉంటాయి, అడిగింది తప్ప. భాగాలన్నీ ఒకే రకం జవాబు కోరుతున్నాయి కాబట్టి అలా కలపడం వాళ్లకు సులువు. ఒక భాగం సంఖ్య, మరొకటి పట్టిక, ఇంకొకటి తేదీ, వేరొకటి రూపాయలు అడిగితే ఒకే పేరాలో కుదించడం కష్టమవుతుంది. కుదించినా ఏ భాగం ఎగిరిపోయిందో చదివేవారికి వెంటనే కనిపిస్తుంది.

అదే విషయాన్ని పర్యావరణ శాఖకు ఇలా రాయొచ్చు:

‘పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా:
(అ) 2015 డిసెంబర్ 7 నాటి నోటిఫికేషన్ పరిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న బొగ్గు విద్యుత్ యూనిట్ల పేరు, సామర్థ్యం, ఎ, బి, సి వర్గం – యూనిట్‌వారీగా;
(ఆ) 2024-25లో ఒక్కో యూనిట్ వద్ద నిరంతరం కొలిచే పరికరాలు నమోదు చేసిన సల్ఫర్ డయాక్సైడ్ నెలవారీ సగటు, పరికరం పనిచేయని రోజులు;
(ఇ) ఎఫ్‌జీడీ ఉన్న యూనిట్లలో అదే ఏడాది అది నడిచిన గంటలు, వాడిన సున్నపురాయి, వచ్చిన జిప్సం – టన్నుల్లో;
(ఈ) 2021 మార్చి 31 నుంచి ఇప్పటి దాకా విధించిన పర్యావరణ పరిహారం, వసూలైన మొత్తం;
(ఉ) సి వర్గం మినహాయింపుకు ఆధారంగా తీసుకున్న అధ్యయనాల పేర్లు, అవి అందిన తేదీలు, సల్ఫేట్ ధూళిని అవి ఎంత దూరం దాకా కొలిచాయి?’

వంద పదాలకు అటూ ఇటూగా సరిపోయింది. ఎక్కడా ఆరోపణ లేదు. ‘చర్యలేమిటి’ అన్న మాట లేదు. ఆ మాట ఉంటే శాఖ చేతికి మనమే ఖాళీ కాగితం ఇచ్చినట్టు.

ఏ కొలత అడుగుతున్నాం

చివరి భాగంలో ‘సల్ఫేట్ ధూళి’ అని కావాలనే రాశాం. మన బొగ్గులో సల్ఫర్ తక్కువని, కేంద్రాల చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితిలోనే ఉందని మినహాయింపుకు చెప్పిన ప్రధాన కారణాలు. గాలి నాణ్యత ప్రమాణం ప్రకారం సల్ఫర్ డయాక్సైడ్ ఏడాది సగటు ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. చాలాచోట్ల దాటడం లేదన్నది నిజమే. అయితే పొగగొట్టం దాటిన వాయువు వాయువుగానే ఉండిపోదు. గాలిలో రసాయన చర్య జరిగి సల్ఫేట్ కణాలుగా మారి, వందల కిలోమీటర్లు ప్రయాణించి, పీఎం 2.5 అనే అతి సన్నని ధూళిలో భాగమవుతుంది. పొగగొట్టం దగ్గర వాయువును మాత్రమే కొలిస్తే దూరాన చేరే ధూళి లెక్కలోకి రాదు. కాబట్టి ‘అధ్యయనం చేశారా’ అని అడగడం చాలదు. దేన్ని, ఎక్కడ, ఎంత దూరంలో కొలిచారో అడగాలి.

మినహాయింపుకు బదులుగా పొగగొట్టం ఎత్తు నిబంధనను పాటించాలన్నారు, దానికి 2029 డిసెంబర్ 31 గడువు. ఎత్తు పెరిగితే పొగ ఎక్కువ మేర పలచబడుతుంది. గాలిలోకి చేరే టన్నులు మాత్రం తగ్గవు. సభలో ఈ రెండింటినీ కలిపి మాట్లాడకుండా చూసుకోవాలి.

కొలత మారితే జవాబు ఎంత మారుతుందో చూపడానికి ఈ రంగంలోనే మంచి ఉదాహరణలున్నాయి. 2025 జూన్ చివరికి దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యం 484.82 గిగావాట్లు, అందులో శిలాజేతర వాటా 242.78 గిగావాట్లు. సగం దాటింది, 2030 నాటికి 50 శాతానికి చేరతామన్న అంతర్జాతీయ వాగ్దానం కూడా స్థాపిత సామర్థ్యం గురించే కాబట్టి లక్ష్యం అయిదేళ్లు ముందే నెరవేరింది. అదే సమయంలో వాస్తవంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. ‘స్వచ్ఛ విద్యుత్ వాటా ఎంత’ అని అడిగితే మొదటి అంకె ఒక్కటే రావొచ్చు. మెగావాట్లా, మిలియన్ యూనిట్లా అన్నది ప్రశ్నలోనే ఉండాలి.

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలోని గ్రామాలన్నిటికీ విద్యుత్ చేరిందని ప్రకటించారు. నిర్వచనం ప్రకారం ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు ఉండి, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లకు కరెంటు అంది, కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉంటే అది విద్యుదీకరణ జరిగిన గ్రామమే. గ్రామాల సంఖ్య అడిగినవారికి నూరు శాతం అని జవాబు. ఇళ్ల సంఖ్య, రోజుకు సరఫరా గంటలు అడిగినవారికి వేరే జవాబు.

డబ్బు విషయంలోనూ ఇంతే. బొగ్గు మీద టన్నుకు 50 రూపాయలతో 2010లో మొదలైన స్వచ్ఛ ఇంధన సెస్సు 2016 నాటికి 400కు పెరిగింది. 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది 86,440 కోట్ల రూపాయలు. జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి బదిలీ అయింది 29,645 కోట్లు. ప్రాజెక్టులకు అందింది 15,911 కోట్లు. వసూలు, బదిలీ, వ్యయం అని మూడు విడి గడులు అడిగితేనే ఈ దిగుడు బయటపడుతుంది. ‘సెస్సు ఎంత వసూలైంది, ఏం చేస్తున్నారు’ అంటే మొదటి అంకెతో పాటు ఒక పథకాల పట్టిక వస్తుంది.

సున్నపురాయి లెక్క

(ఇ) భాగంలో సున్నపురాయి, జిప్సం టన్నులు ఎందుకంటే, ఎఫ్‌జీడీ బిగించడం వేరు, నడపడం వేరు. నడిపితే కేంద్రం సొంత వాడకానికి పోయే కరెంటు పెరుగుతుంది, రాయి కొనాలి, జిప్సం ఎక్కడికో పంపాలి. పక్క దారిలో పొగను వదిలేసే ఏర్పాటు ఉంటే, నడపకుండా ఉండాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ‘పరికరం ప్రారంభమైంది’ అన్న సమాధానంతో ఇవేవీ తెలియవు.

రసాయన శాస్త్రం ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. ఒక టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టడానికి సుమారు 1.56 టన్నుల శుద్ధ సున్నపురాయి కావాలి. దాని నుంచి దాదాపు 2.7 టన్నుల జిప్సం వస్తుంది. ఒక 500 మెగావాట్ల యూనిట్‌ను తీసుకుందాం. 85 శాతం లోడుతో రోజుకు 1.02 కోట్ల యూనిట్ల కరెంటు. యూనిట్ కరెంటుకు 0.65 కిలోల బొగ్గు చొప్పున రోజుకు సుమారు 6,600 టన్నులు. బొగ్గులో సల్ఫర్ 0.4 శాతమనుకుంటే 26.5 టన్నుల సల్ఫర్, అంటే 53 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. పరికరం 90 శాతం పట్టితే రోజుకు సుమారు 75 టన్నుల సున్నపురాయి ఖర్చవుతుంది, 128 టన్నుల జిప్సం వస్తుంది. ఏడాదికి జిప్సం 46 వేల టన్నులు దాటాలి.

సమాధానంలో ఆ యూనిట్‌కు నాలుగైదు వేల టన్నుల జిప్సమే కనిపిస్తే, అది ఏడాదిలో నెల రోజులకు మించి పూర్తిగా నడవలేదని అర్థం. రాయి నాణ్యతను, బొగ్గు రకాన్ని బట్టి లెక్క అటూ ఇటూ జరుగుతుంది. పది రెట్లు మాత్రం జరగదు. సభ్యుడి చేతిలో ఈ చిన్న లెక్క కాగితం ఉంటే అనుబంధ ప్రశ్న దానంతటదే పుడుతుంది.

‘మన బొగ్గులో సల్ఫర్ తక్కువ’ అన్న మాటకూ జవాబు ఇదే లెక్కలో ఉంది. 0.4 శాతం వినడానికి చిన్నదే. బొగ్గు పరిమాణం పెద్దది కావడంతో ఒక్క యూనిట్ నుంచే రోజుకు యాభై టన్నుల పైన పోతోంది. 2015 పరిమితి 2017కు ముందు కట్టిన 500 మెగావాట్లు, ఆపైన యూనిట్లకు ఘనమీటరుకు 200 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాటికి 600, 2017 జనవరి తర్వాత వచ్చినవాటికి 100. పరికరం లేకుండా పెద్ద యూనిట్ 200 కిందికి రావడం మన బొగ్గుతోనూ సాధ్యం కాదు.

నోటీసు, లాటరీ

లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సమావేశాల తేదీలు, శాఖల కేటాయింపు పట్టిక వెలువడగానే వెనక్కి లెక్కపెట్టి చివరి రోజు రాసుకోవాలి. చివరి రోజుకు ముందే ముసాయిదా సభ్యుడి చేతిలో ఉండాలి.

నోటీసులకు లాటరీ తీస్తారు. రోజుకు నక్షత్ర గుర్తు ఉన్నవి 20, లేనివి 230 జాబితాలోకి వస్తాయి. రాజ్యసభలో 15, 160. ఒక సభ్యుడికి రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్న ఒకటే దక్కుతుంది. నక్షత్రం ఉంటే మంత్రి సభలో నిలబడి చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ ప్రశ్నోత్తరాల గంటలో 20లో నోటిదాకా వచ్చేవి చాలా రోజుల్లో అయిదారే. మిగతావి రాతపూర్వక సమాధానాలుగా బల్ల మీదికి చేరతాయి.

కాబట్టి ఏది ఎటు పంపాలన్నది ముందే తేల్చుకోవాలి. యూనిట్‌వారీ పట్టికలు కావలసిన ప్రశ్నను నక్షత్రం లేకుండా పంపడమే మేలు. అయిదు పేజీల అనుబంధ పట్టికను ఏ మంత్రీ చదివి వినిపించరు. గడువు ఎవరు అడిగితే పెంచారు, ఏ రోజు నిర్ణయం జరిగింది వంటి జవాబుదారీ ప్రశ్నలకు నక్షత్రం పెట్టాలి.

ఒకే ముసాయిదాను పలువురు సభ్యులతో పంపడం తరచూ కనిపిస్తుంది. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేసి పేర్లు వరసగా రాస్తారు, దక్కేది ఒక్క సమాధానమే. అదే నలుగురు సభ్యులు నాలుగు ముక్కలు పంచుకుంటే నాలుగు పట్టికలొస్తాయి.

ఇంకో మాట ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. ఎఫ్‌జీడీ వేల కోట్ల వ్యాపారం. పరికరాలు అమ్మేవారికి, వద్దనే కేంద్రాల యాజమాన్యాలకు, ఇద్దరికీ ఈ ప్రశ్నల మీద ఆసక్తి ఉంటుంది. ప్రశ్నలకు డబ్బు తీసుకున్న వ్యవహారంలో 2005లో 11 మంది ఎంపీలు సభ్యత్వం కోల్పోయారు. బయటివారి నుంచి వచ్చిన కాగితాన్ని సమాచారంగా చదవొచ్చు. ముసాయిదా సభ్యుడి కార్యాలయంలోనే తయారవ్వాలి, నోటీసు సభ్యుడే వేయాలి, ఆన్‌లైన్ లాగిన్ వేరెవరి చేతికీ పోకూడదు.

సమాధానం చదవడం

ప్రశ్న శాఖలోని పార్లమెంటు విభాగానికి, అక్కడి నుంచి సంబంధిత డివిజన్‌కు వెళుతుంది. కింది అధికారి రాసిన జవాబు సంయుక్త కార్యదర్శి, కార్యదర్శి మీదుగా మంత్రికి చేరుతుంది. నక్షత్ర ప్రశ్నకైతే మంత్రి కోసం అనుబంధ ప్రశ్నల నోట్ కూడా తయారవుతుంది. పాత సమాధానాలు తీసి, అందులోని పేరాలే తిరిగి వాడడం మామూలు. అందుకే నోటీసు ఇచ్చే ముందే అదే విషయంపై గత రెండు మూడేళ్ల సమాధానాలన్నీ చదివి ఉండాలి. అప్పుడే కొత్త సమాధానంలో కొత్తదేమిటో, ఏ అంకె నిశ్శబ్దంగా మారిందో, ఏ గడి మాయమైందో తెలుస్తుంది.

చదివేటప్పుడు నాలుగు చోట్ల ఆగాలి. అంకె ఏ తేదీ నాటిది? ‘ఇప్పటి వరకు’ అంటే ఎప్పటి దాకా అన్నది ఉండదు. హారం ఏమిటి – 537 యూనిట్లలోనా, ఎ వర్గంలోనా, ఒప్పందాలు కుదిరినవాటిలోనా? క్రియ ఏ కాలంలో ఉంది: ‘టెండర్ పిలిచారు’, ‘పనులు అప్పగించారు’, ‘బిగించారు’, ‘నడుస్తోంది’ నాలుగూ వేర్వేరు దశలు, అన్నిటినీ కలిపి ‘వివిధ దశల్లో ఉన్నాయి’ అంటే ఏదీ చెప్పనట్టే. ఆఖరిది, వదిలేసిన భాగం. (ఈ) భాగానికి రూపాయలు రాకుండా ‘నిబంధనల ప్రకారం చర్యలు తీసుకుంటారు’ అని వస్తే అది సమాధానం కాదు.

పరిహారం సంగతే చూడండి. 2022 సెప్టెంబర్ సవరణ ప్రకారం గడువు దాటిన మొదటి 180 రోజులకు యూనిట్ కరెంటుకు 20 పైసలు, 365వ రోజు దాకా 30 పైసలు, ఆపైన 40 పైసలు కట్టాలి. 500 మెగావాట్ల యూనిట్‌కు మొదటి దశలోనే రోజుకు 20 లక్షల రూపాయలు. కాగితం మీద గట్టి నిబంధనే. కానీ గడువు తీరబోయే ముందల్లా గడువే మారుతూ వస్తే ఈ లెక్క మొదలే కాదు. విధించిన మొత్తం, వసూలైన మొత్తం విడివిడిగా అడగడానికి కారణం ఇది. సున్నా అని రాతపూర్వకంగా రావడం కూడా విలువైన సమాధానమే.

అనుబంధ ప్రశ్న

నక్షత్ర ప్రశ్న సభలో పిలుపుకొస్తే మూల సభ్యుడికి మామూలుగా రెండు అనుబంధ ప్రశ్నల అవకాశం. చాలామంది మొదటిదాన్ని ప్రసంగంతో ఖర్చు పెట్టేస్తారు. సమయం పోతుంది, మంత్రికి జవాబు ఎంచుకునే వీలు చిక్కుతుంది. ఉపోద్ఘాతం లేకుండా, సమాధానంలోని ఒక అంకె పట్టుకుని, అవును–కాదు లేదా తేదీ చెప్పక తప్పనట్టు అడగాలి.

‘అనుబంధం–1లో ఈ యూనిట్ వద్ద ఎఫ్‌జీడీ 7,000 గంటలు నడిచిందన్నారు, జిప్సం 4,000 టన్నులన్నారు. ఈ రెండూ పొసగవు. ఏది సరైనదో సభకు చెబుతారా?’ ఇలాంటి ప్రశ్నకు నోట్‌లో సిద్ధమైన జవాబు ఉండదు. అప్పటికప్పుడు చెప్పలేక మంత్రి ‘వివరాలు తెప్పించి సభ ముందు ఉంచుతాను’ అంటే అదే కావలసింది.

హామీ అయ్యాక

ఆ మాట హామీ. ‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘విచారించి తెలియజేస్తాం’ వంటి మాటలను హామీలుగా గుర్తించడానికి ప్రామాణిక జాబితా ఉంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ఈ పని చూస్తున్నాయి. హామీ మూడు నెలల్లో నెరవేరాలి, అమలు నివేదిక సభ ముందుకు రావాలి. గడువు కావాలంటే శాఖ కమిటీని అడగాలి. హామీని వదిలేయమని కోరినా తేల్చేది కమిటీయే.

ఎక్కువ ప్రశ్నలు చచ్చిపోయేది ఇక్కడ. సమాధానం వచ్చిన రోజు పత్రికల్లో వార్త వస్తుంది, మూడు నెలల తర్వాత ఎవరూ చూడరు. మంత్రి అన్న మాట హామీగా నమోదైందో లేదో సభ్యుడి కార్యాలయం కనుక్కోవాలి. నమోదు కాకపోతే సమాధానం తేదీ, ప్రశ్న సంఖ్య, ఆ వాక్యం యథాతథంగా రాసి కమిటీకి లేఖ పెట్టాలి. మూడు నెలలు నిండే రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి.

సమాధానంలో తప్పుంటే లోక్‌సభ స్పీకర్ ఆదేశాల్లో 115వ దాని కింద స్పీకర్‌కు రాయొచ్చు. ఆధారాలు జతచేయాలి, సభలో ప్రస్తావించే ముందు ఈ లేఖ తప్పనిసరి. సమాధానం తప్పు కాదు గానీ చాలదనిపిస్తే 55వ నియమం కింద అరగంట చర్చ ఉంది: మూడు రోజుల ముందు నోటీసు, కారణాల వివరణ, మరో ఇద్దరు సభ్యుల సంతకాలు. సోమ, బుధ, శుక్రవారాల్లో సభ చివరి అరగంటను దీనికి ఉద్దేశించారు. నలుగురు దాకా ఇతర సభ్యులు కూడా ముందుగా తెలిపి ఒక్కో ప్రశ్న వేయొచ్చు. దీన్ని వాడుకునేవారు తక్కువ. లెక్కలు పొసగని ఇలాంటి కేసులకు ఇంతకంటే సరైన వేదిక లేదు.

స్థాయీ సంఘాలు మరో దారి. విద్యుత్, పునరుత్పాదక ఇంధన శాఖలను ఇంధన స్థాయీ సంఘం, పర్యావరణ శాఖను సైన్స్, టెక్నాలజీ, పర్యావరణ సంఘం చూస్తాయి. అక్కడ కార్యదర్శులే ఎదురుగా కూర్చుంటారు, గంటల తరబడి అడగొచ్చు. సభలో అరకొరగా వచ్చిన సమాధానాలను ఒక ఫైలుగా కట్టి, నిధుల డిమాండ్ల పరిశీలనకు ముందే సంఘంలోని సభ్యుడికి అందించాలి.

రాష్ట్ర సభలో

రాష్ట్ర జెన్‌కోల కేంద్రాలు, కాలుష్య నియంత్రణ మండళ్లు రాష్ట్ర ప్రభుత్వానివి. నిర్వహణ అనుమతి ఏ షరతులతో ఇచ్చారు, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, నోటీసులెన్ని ఇచ్చారు, బూడిద చెరువు పక్క ఊళ్లలో గాలి నమూనాలు తీశారా – ఇవి శాసనసభకు రావలసిన ప్రశ్నలు. కొత్తగూడెం, విజయవాడ, ముద్దనూరు, కృష్ణపట్నం వంటి చోట్ల ఆ పొగ కిందే బతుకుతున్నవారికి ఢిల్లీలో వచ్చే జాతీయ సగటుతో పనిలేదు. తమ ఊరి పొగగొట్టం అంకె కావాలి. ఎన్‌టీపీసీ వారి సింహాద్రి, రామగుండం కేంద్ర సంస్థవి అయినా అక్కడి అనుమతులు, తనిఖీలు రాష్ట్ర మండలివే కాబట్టి వాటి గురించి కూడా శాసనసభలో అడగొచ్చు.

ఖర్చు సంగతి విద్యుత్ నియంత్రణ కమిషన్‌లో తేలుతుంది. పర్యావరణ నిబంధనల కోసం పెట్టే ఖర్చును ‘చట్టంలో మార్పు’గా పరిగణించాలని విద్యుత్ శాఖ 2018 మే 30న కేంద్ర కమిషన్‌ను ఆదేశించింది. అంటే బిగించిన పరికరం ఖర్చు టారిఫ్ దారిలో వినియోగదారుడికి చేరుతుంది. మినహాయింపు వచ్చాక ఇప్పటికే పరికరాలు బిగించిన లేదా సగం కట్టిన సి వర్గం కేంద్రాల్లో ఆ ఖర్చు ఏమవుతుంది? పరికరం ఆపేసి చార్జీ మాత్రం వసూలు చేసే వీలుందా? టారిఫ్ ప్రతిపాదన మీద అభ్యంతరాలు ఎవరైనా దాఖలు చేయొచ్చు. బహిరంగ విచారణలో సంస్థ రాతపూర్వకంగా ఇచ్చిన అంకెలను శాసనసభ సమాధానంతో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ కేసులో ఇక వేయాల్సిన ప్రశ్నలకు తేదీలు ఇప్పటికే ఉన్నాయి. ఎ వర్గం యూనిట్లలో ఒక్కోదానికి పని అప్పగించిన తేదీ, పూర్తయ్యే తేదీ 2026లో ప్రతి సమావేశంలోనూ అడగాలి. ఎఫ్‌జీడీ కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి, 2025 చివరికి పనులు మొదలవని యూనిట్ 2027 గడువు అందుకోవడం కష్టం. బి వర్గంలో నిపుణుల సంఘం ముందుకు వచ్చిన కేంద్రాలెన్ని, ఒక్కోదానిపై నిర్ణయమేమిటి, ఏ కారణాలతో అన్నది యూనిట్‌వారీగా రాబట్టాలి. సి వర్గంలో పొగగొట్టం ఎత్తు ఎవరు కొలిచారు, నిబంధన ప్రకారం ఎంత ఉండాలి, ఎంత ఉంది అన్న మూడు గడుల పట్టికను 2029 దాకా ఏడాదికోసారి అడగాలి. ప్రతిసారీ పట్టిక ఆకారం మారకూడదు. ఆకారం ఒకటే ఉంటే ఏ ఏడాది ఏ గడి ఖాళీగా వచ్చిందో తర్వాత ఆ సీటులోకి వచ్చే సభ్యుడికీ కనిపిస్తుంది.